మేనరికపు కుటుంబాల్లో వ్యాధి జన్యువు ఆచూకీ: గణాంక పద్ధతులకు సమగ్ర మార్గదర్శి

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలు పుట్టుచెవుడుతోనో, రేచీకటితోనో, కండరాల బలహీనతతోనో కనిపిస్తే, "మేనరికం చేసుకున్నారు కదా, అందుకే" అన్న మాటతో చర్చ ముగిసిపోతుంది. జన్యుశాస్త్రం చదువుకున్నవారికి అసలు పని అక్కడే మొదలవుతుంది. మేనరికం జబ్బును పుట్టించదు. ఒకే పూర్వీకుడి దగ్గర ఉన్న లోపపు జన్యువు ప్రతి (నకలు) తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ దిగివచ్చి ఒకే బిడ్డలో కలిసే అవకాశాన్ని మాత్రం పెంచుతుంది. ఆ లోపం ఏ జన్యువులో ఉంది, ఆ జన్యువు ఏ క్రోమోజోము మీద ఏ చోట ఉంది అన్న ప్రశ్నకు కుటుంబ సభ్యుల రక్త నమూనాలతో, సంభావ్యతా గణితంతో జవాబు రాబట్టే పద్ధతిని ఈ వ్యాసం మెట్టు మెట్టుగా వివరిస్తుంది.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనో, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో, ఇక్కడి వైద్య కళాశాలల్లోనో జన్యుశాస్త్రం, ఆంత్రోపాలజీ, గణాంకశాస్త్రం చదువుతూ మొదటిసారి ఇలాంటి కుటుంబాన్ని చేతిలోకి తీసుకునే విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ నేర్పే పాఠాలు చాలానే దొరుకుతాయి. మన ప్రాంతపు కుటుంబాల విషయంలో వాటికంటే ముందు గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది: వంశవృక్షం ఎంత సరిగ్గా ఉంటే లాడ్ స్కోరు (జన్యువు ఫలానా చోట ఉందనడానికి ఎంత సాక్ష్యం ఉందో చెప్పే అంకె) అంత నమ్మదగినది. అందుకే వంశవృక్షానికి మిగతా మెట్లకంటే ఎక్కువ చోటు ఇచ్చాను.

మొదటి మెట్టు: జబ్బును నిర్వచించడం

ఈ వ్యాసమంతటా పుట్టుచెవుడునే ఉదాహరణగా తీసుకుంటాను. చెవుడు అన్న ఒక్క మాట కింద ఎన్నో కారణాలు దాగి ఉంటాయి. చంటితనంలో చెవిలో చీము కారి వినికిడి పోయినవారు, జెంటామైసిన్ లాంటి మందుల వల్ల పోయినవారు, పుట్టగానే తీవ్రమైన కామెర్లు సోకినవారు, గర్భంలో ఉండగా తల్లికి రుబెల్లా వచ్చినవారు అందరూ ఇంటివాళ్ల లెక్కలో చెవిటివారే. అయినా జన్యువు జాడ పట్టే లెక్కలోకి వీళ్లను బాధితులుగా చేర్చకూడదు. ఒక్క వ్యక్తిని తప్పుగా చేర్చినా నిజమైన స్థానం దగ్గర స్కోరు ఎంతగా పడిపోతుందంటే, ఆ స్థానాన్ని పరిశీలన నుంచే తొలగించేస్తాము. కాబట్టి పెద్దలకు ఆడియోమెట్రీ, చిన్నపిల్లలకు బెరా పరీక్ష (శబ్దానికి మెదడు స్పందనను కొలిచేది) చేయించిన తరువాతే "బాధితులు", "కానివారు", "తెలియదు" అన్న 3 గుర్తుల్లో ఒకటి వేయాలి. అనుమానం ఉన్నచోట "తెలియదు" అని రాయడం వల్ల కొంత సమాచారం పోతుంది కానీ అబద్ధం చేరదు. మనవాళ్లలో చాలామంది రాయవేలూరు ఆసుపత్రికి వెళ్లివచ్చి ఉంటారు కనుక, బీరువాలో భద్రపరిచిన పాత రిపోర్టులను తప్పకుండా అడిగి చూడాలి.

వారసత్వపు తీరును నిర్ణయించేటప్పుడు బాధితుల నిష్పత్తిని నేరుగా లెక్కపెట్టి మోసపోవద్దు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే, అంటే జబ్బు లేకుండా ఒక్కో లోపపు ప్రతిని మోస్తున్నవారైతే, ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే సంభావ్యత 1/4 అని పాఠ్యపుస్తకం చెబుతుంది. మన దగ్గరకు వచ్చేది మాత్రం కనీసం ఒక బిడ్డకైనా జబ్బు ఉన్న కుటుంబాలే. ఇద్దరేసి పిల్లలున్న ఇలాంటి కుటుంబాలను మాత్రమే పోగుచేస్తే, పిల్లల్లో బాధితుల వంతు 1/4 బదులు 4/7 అని తేలుతుంది. ఇది చూసి అంతర్గత లక్షణాన్ని (రెండు ప్రతుల్లోనూ లోపం ఉంటేనే బయటపడేది) బహిర్గత లక్షణంగా (ఒక్క ప్రతితోనే బయటపడేది) పొరబడే ప్రమాదం ఉంది. తల్లిదండ్రులు వినగలిగినవారై ఉండటం, ఆడా మగా ఇద్దరిలోనూ జబ్బు కనిపించడం, తల్లిదండ్రులు దగ్గరి బంధువులై ఉండటం అన్న 3 గుర్తులు నిష్పత్తికంటే ఎక్కువ చెబుతాయి.

ఇదే మెట్టులో చేయవలసిన మరో పని ఉంది. వంశపారంపర్య చెవుడుకు కారణమయ్యే జన్యువులు వందకు పైగా తెలిసినా, 13వ క్రోమోజోము మీద ఉండే కనెక్సిన్ 26 జన్యువు వంతు అన్నిటికంటే ఎక్కువ. ట్యునీసియాలోని రక్తసంబంధ వివాహ కుటుంబాల ఆధారంగా ఈ స్థానాన్ని 1994లో గుర్తించారు. జన్యువు ఏదో 1997లో తేలింది. చిన్న జన్యువు కనుక దాన్ని నేరుగా సీక్వెన్సింగ్ చేయడం తేలిక. భారతీయుల్లో తరచుగా కనిపించే ఒక మార్పు, 24వ స్థానంలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం బదులు ప్రోటీను అక్కడితో ఆగిపోయేలా చేసేది, ముందే దొరికితే మిగతా శ్రమంతా తప్పుతుంది. అది దొరకని కుటుంబాలనే మ్యాపింగుకు, అంటే క్రోమోజోముల మీద జన్యువు చోటు వెతికే పనికి, ఎంచుకోవాలి.

రెండవ మెట్టు: వంశవృక్షం

ఇంటివాళ్లతో కూర్చున్నప్పుడు బంధుత్వపు పిలుపును రాసుకోకూడదు; తల్లిదండ్రుల పేర్లు రాసుకోవాలి. "ఆయన మాకు మామ" అంటే తల్లి తోడబుట్టినవాడు కావచ్చు, మేనత్త భర్త కావచ్చు, భార్య తండ్రి కావచ్చు, కేవలం వరసకు మామ కావచ్చు. పెదనాన్న చిన్నాన్న పిల్లలనూ, పెద్దమ్మ పిన్నమ్మ పిల్లలనూ అన్నా చెల్లీ అనే పిలుస్తాము కనుక, "మా అన్న" అన్న మాటను తోడబుట్టినవాడిగా రాసేస్తే ఒక తరం మొత్తం తప్పిపోతుంది. ప్రతి వ్యక్తి దగ్గరా అడగవలసినవి 3 ప్రశ్నలు: ఎవరి కడుపున పుట్టారు, తండ్రి ఎవరు, ఆ తల్లీ తండ్రీ పెళ్లికి ముందే చుట్టాలా? మూడవ ప్రశ్న ప్రతి తరంలోనూ, ప్రతి జంట విషయంలోనూ అడగాలి. బాధితుల తల్లిదండ్రుల గురించి అడిగి, వాళ్ల తాతముత్తాతల పెళ్లిళ్ల గురించి అడగకుండా లేచి వచ్చేయడం తరచుగా జరిగే లోపం.

అడగవలసింది ఇంటి పెద్దావిడలనే. ఎవరి పిల్లను ఎవరికిచ్చారు, ఎవరు పురిట్లో పోయారు, ఎవరికి రెండవ పెళ్లి జరిగింది అన్న వివరాలు వారి నోట వచ్చినంత స్పష్టంగా మగవారి నోట రావు. పెళ్లికొడుకు వైపు ఒకరినీ, పెళ్లికూతురు వైపు ఒకరినీ విడివిడిగా అడిగి, రెండు కథనాలూ కలిసేదాకా తిరిగి తిరిగి సరిచూసుకోవాలి. నగరి, సత్యవేడు వైపు కుటుంబాల్లో సగం చుట్టరికం తమిళనాడులో ఉంటుంది. తండ్రి పేరే ఇంటిపేరు స్థానంలో వచ్చే అలవాటు అక్కడ ఉంది కనుక ఇంటిపేరును బట్టి వంశాన్ని ఊహించకూడదు. ఊరి జాతరకు ఆడపడుచులంతా పుట్టింటికి వస్తారు. ఇళ్లు తిరిగి వారాల్లో సాధించలేని వంశవృక్షం ఆ సమయంలో ఒక మధ్యాహ్నంలో పూర్తవుతుంది.

ఇంత పట్టుదల ఎందుకో అంకెల్లో చూడాలి. ఒక వ్యక్తిలో ఒక స్థానం దగ్గరున్న రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి ఒకే ప్రతి నుంచి వచ్చి ఉండే సంభావ్యతను అంతఃప్రజనన గుణకం అంటారు. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లి జరిగితే వారి బిడ్డకు అది 1/16. మేనమామకే అక్క కూతురినిచ్చి చేస్తే 1/8. ఇప్పుడు కుండమార్పిడి పెళ్లిని తీసుకోండి: ఒక అన్నాచెల్లెళ్లు మరో అన్నాచెల్లెళ్లను మార్పిడిగా పెళ్లాడారు. ఆ రెండు జంటల పిల్లలు ఒకరికొకరు తల్లివైపునా, తండ్రివైపునా రెండు దారుల్లో మేనబంధువులు. వాళ్లిద్దరూ పెళ్లి చేసుకుంటే పుట్టే బిడ్డ గుణకం 1/16 కాదు, 1/8. ఇంటివాళ్లను అడిగితే "మేనరికమే" అంటారు, అది నిజమే. కానీ మనం ఒక్క దారినే గీసి వదిలేస్తే, రాబోయే లెక్కలో సాక్ష్యం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఎంత ఎక్కువగానో ఐదవ మెట్టులో చెబుతాను.

బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ శిష్యుడు, తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణారావు 1960ల తొలినాళ్లలోనే ఆంధ్రదేశపు దగ్గరి సంబంధాల పెళ్లిళ్లపై అధ్యయనాలు ప్రచురించారు. ఈ దారిలో మనకు ముందు నడిచినవారు మనవాళ్లలోనే ఉన్నారన్న సంగతి విద్యార్థులకు తెలియాలని ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

గీసిన వృక్షాన్ని కంప్యూటరుకు ఇచ్చేటప్పుడు ఒక్కో వ్యక్తికి ఒక్కో వరుస రాస్తాము. ప్రతి వరుసలో వరుసగా కుటుంబం సంఖ్య, వ్యక్తి సంఖ్య, తండ్రి సంఖ్య, తల్లి సంఖ్య, లింగం (మగ 1, ఆడ 2), జబ్బు (లేదు 1, ఉంది 2, తెలియదు 0) ఉంటాయి. తల్లిదండ్రులు వృక్షంలో లేనివారికి ఆ రెండు చోట్లా 0 వేస్తాము. పలమనేరు వైపు ఒక ఊహాజనిత కుటుంబంలో మేనమామ అక్క కూతురిని చేసుకోగా ముగ్గురు పిల్లలు పుట్టి, వారిలో ఇద్దరికి చెవుడు ఉందనుకుందాం:

1 1 0 0 1 1
1 2 0 0 2 1
1 3 1 2 2 1
1 4 1 2 1 1
1 5 0 0 1 1
1 6 5 3 2 1
1 7 4 6 1 2
1 8 4 6 2 2
1 9 4 6 1 1

3వ వ్యక్తి అక్క, 4వ వ్యక్తి తమ్ముడు. అక్క కూతురు 6వ వ్యక్తి. ఆమె భర్త 4వ వ్యక్తే. 7, 8, 9 వారి పిల్లలు. 4వ సంఖ్య ఒకచోట కొడుకుగా, మరోచోట తండ్రిగా కనిపించడంతో వృక్షంలో ఒక వలయం ఏర్పడింది. ఈ వలయంలోనే మన సమాచారమంతా ఉంది.

మూడవ మెట్టు: సమ్మతి, నమూనాలు

సంస్థాగత నైతిక కమిటీ అనుమతి రాకుండా ఒక్క చుక్క రక్తం కూడా తీయకూడదు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతితో పాటు, 7 నుంచి 12 ఏళ్లవారి నుంచి నోటిమాటగా, ఆపై 18 ఏళ్లలోపువారి నుంచి రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలి. సమ్మతిపత్రం తెలుగులో, అవసరమైనచోట తమిళంలోనో ఉర్దూలోనో ఉండి, చదివి వినిపించేదిగా ఉండాలి. వినికిడి లేని పెద్దవారికి సైగల భాష తెలిసినవారి ద్వారా నేరుగా వివరించాలి. వారి తరఫున అన్నదమ్ములు తల ఊపితే చాలదు. పెళ్లికావలసిన ఆడపిల్లలున్న ఇళ్లలో వాహకులెవరన్న సంగతి బయటికి పొక్కితే జరిగే హాని మనకు తెలుసు. కాబట్టి పేర్లున్న పుస్తకాన్నీ సంఖ్యలున్న పుస్తకాన్నీ వేర్వేరుగా తాళం వేసి ఉంచాలి. జన్యు పరీక్షలో తండ్రి వేరని తేలితే ఎవరికీ చెప్పబోమన్న నిర్ణయాన్ని ముందే కమిటీకి రాసి ఇవ్వాలి.

బాధితులందరివీ, వారి తల్లిదండ్రులవీ, బాధితులు కాని తోబుట్టువులవీ, బతికున్న తాతయ్య అమ్మమ్మ నానమ్మలవీ నమూనాలు కావాలి. ఈడీటీఏ ఉన్న ఊదారంగు మూత గొట్టంలో 5 మిల్లీలీటర్ల రక్తం చాలు. పెద్దవయసువారి నమూనాలను ముందుగా తీసుకోండి. వాళ్ల అవసరం ఎందుకో తరువాతి మెట్టులోనే తెలుస్తుంది.

నాల్గవ మెట్టు: లాడ్ స్కోరును చేత్తో లెక్కవేయడం

ప్రోగ్రామును ముట్టుకునే ముందు ఒక్కసారైనా కాగితం మీద ఈ లెక్క వేయాలని నా గట్టి అభిప్రాయం. ఒకే క్రోమోజోము మీద దగ్గరదగ్గరగా ఉన్న రెండు స్థానాలు తల్లిదండ్రుల నుంచి బిడ్డకు సాధారణంగా కలిసే వెళ్తాయి. క్షయకరణ విభజనలో (అండం, శుక్రకణం తయారయ్యే కణ విభజన) క్రోమోజోము జతల మధ్య జరిగే ముక్కల వినిమయం వల్ల అప్పుడప్పుడు విడిపోతాయి. విడిపోయే సంభావ్యతను పునస్సంయోజన నిష్పత్తి అంటారు. దాన్ని థీటా అన్న గ్రీకు అక్షరంతో సూచిస్తారు. స్థానాలు అతి దగ్గరగా ఉంటే థీటా 0కు చేరువలో ఉంటుంది, దూరంగానో వేర్వేరు క్రోమోజోముల మీదనో ఉంటే 0.5.

తండ్రి నుంచి జబ్బు బహిర్గతంగా వచ్చే ఒక కుటుంబంలో 10 మంది పిల్లలున్నారనుకుందాం. తండ్రిలో జబ్బు జన్యువు మార్కరులోని (క్రోమోజోము మీద చోటు తెలిసిన, మనిషికీ మనిషికీ తేడా ఉండే గుర్తు) ఏ రూపంతో కలిసి ఉందో తాత నమూనా వల్ల మనకు తెలుసు. 10 మందిలో 9 మందికి అవి రెండూ కలిసే వచ్చాయి, ఒక్కరిలో విడిపోయాయి. థీటా 0.1 అయితే ఇలా జరిగే సంభావ్యత 0.1ను, 0.9 తొమ్మిదవ ఘాతంతో గుణించగా వచ్చే 0.0387. అసలు సంబంధమే లేకపోతే, అంటే థీటా 0.5 అయితే, అది 0.5 పదవ ఘాతం, అనగా 1/1024. మొదటిదాన్ని రెండవదానితో భాగిస్తే 39.7 వస్తుంది. దాని 10 ఆధార సంవర్గమానం 1.60. ఇదే లాడ్ స్కోరు. థీటాను 0.01గా తీసుకుంటే 0.97, 0.2గా తీసుకుంటే 1.44, 0.3గా తీసుకుంటే 1.09 వస్తుంది, కాబట్టి ఈ దత్తాంశాలకు 0.1 దగ్గరే శిఖరం. ఒక్కరు కూడా విడిపోకుండా 10 మందికీ కలిసే వచ్చి ఉంటే థీటా 0 దగ్గర స్కోరు 3.01.

తాత నమూనా లేదనుకోండి. తండ్రిలో ఏది దేనితో కలిసి ఉందో తెలియదు కనుక రెండు అమరికలకూ సగం సగం బరువిచ్చి సగటు తీయాలి. అప్పుడు అదే కుటుంబానికి స్కోరు 1.60 నుంచి 1.30కి పడిపోతుంది. ఒక్క ముసలాయన రక్త నమూనా విలువ 0.30 లాడ్, అంటే సాక్ష్యంలో రెట్టింపు తేడా.

న్యూటన్ మార్టన్ 1955లో ఈ పద్ధతికి రూపమిచ్చినప్పుడు 3ను గెలుపు గీతగా, మైనస్ 2ను తిరస్కార గీతగా పెట్టారు. 3 అంటే సంబంధం ఉందనే పక్షానికి 1000కి 1 అనుకూలత. ఇది చాలా ఎక్కువ అనిపించవచ్చు. యాదృచ్ఛికంగా తీసుకున్న రెండు స్థానాలు నిజంగా దగ్గరగా ఉండే సంభావ్యతే 1/50 ప్రాంతంలో ఉంటుంది కనుక, 1000ని దానితో గుణిస్తే మిగిలేది 20కి 1 మాత్రమే. సుమారు 95 శాతం నమ్మకం. జీనోమ్ మొత్తాన్ని గాలించేటప్పుడు లాండర్, క్రుగ్లియాక్ 1995లో సూచించిన 3.3ను వాడటం మంచిది.

థీటాను దూరంగా మార్చడానికి వాడే సూత్రాల్లో ఒకటి హాల్డేన్ 1919లో ఇచ్చినది. 1957లో భారతదేశానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన హాల్డేనే ఆయన. ఒక వినిమయం పక్కనే మరొకటి జరగడం తక్కువన్న సంగతిని లెక్కలోకి తీసుకునే రెండవ సూత్రం మన దామోదర్ ధర్మానంద కోశాంబి 1940ల్లో ఇచ్చినది. ప్రోగ్రాములో ఏది ఎంచుకున్నారో నివేదికలో రాయండి. దగ్గరి దూరాల్లో రెండింటి తేడా స్వల్పమే.

ఐదవ మెట్టు: సమయుగ్మజ మ్యాపింగు, కుటుంబపు బలం

ఎరిక్ లాండర్, డేవిడ్ బాట్‌స్టీన్ 1987లో ప్రతిపాదించిన ఈ పద్ధతి మన ప్రాంతానికి అన్నిటికంటే చక్కగా అమరుతుంది. అరుదైన అంతర్గత జబ్బున్న బిడ్డ దగ్గరి చుట్టాల సంతానమైతే, జబ్బు స్థానం చుట్టూ ఉన్న క్రోమోజోము ముక్క రెండు ప్రతుల్లోనూ ఒకే పూర్వీకుడిదై ఉంటుంది. అంటే ఆ ముక్క పొడుగునా మార్కర్లన్నీ సమయుగ్మజంగా, రెండు ప్రతుల్లోనూ ఒకే రూపంతో, ఉంటాయి. అలాంటి ముక్క బాధితులందరిలోనూ ఒకే రూపంలో ఉండి, బాధితులు కానివారిలో అలా లేని చోటు కోసం వెతకాలి.

మార్కర్ల నుంచి పూర్తి సమాచారం దొరుకుతుందనుకుంటే, ఒక కుటుంబం గరిష్ఠంగా ఎంత స్కోరు ఇవ్వగలదో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మేనత్త మేనమామ పిల్లల సంతానంలో మొదటి బాధిత బిడ్డ ఇచ్చేది 16 సంవర్గమానం, అనగా 1.204. ఆపై ప్రతి బాధిత తోబుట్టువూ అదే జతను పొందే సంభావ్యత 1/4 కనుక 4 సంవర్గమానం, 0.602 కలుస్తుంది. బాధితులు కాని ప్రతి తోబుట్టువూ 0.125 కలుపుతారు. ముగ్గురు బాధితులు, ఐదుగురు బాధితులు కానివారు ఉన్న ఇల్లు ఒక్కటే 3.03 ఇవ్వగలదు. మేనమామ, అక్క కూతురి సంతానమైతే మొదటి బిడ్డ ఇచ్చేది 8 సంవర్గమానం, 0.903 మాత్రమే. చుట్టరికం దగ్గరయ్యేకొద్దీ సమయుగ్మజ ముక్కలు జీనోమ్ నిండా యాదృచ్ఛికంగానే ఎక్కువై, ఒక్కొక్కదాని సాక్ష్య విలువ తగ్గుతుంది. దగ్గరి పెళ్లి అయితే పని సులువన్న భావనతో వచ్చే విద్యార్థులు ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి. మన పలమనేరు ఉదాహరణలో ఇద్దరు బాధితులు, ఒక్కరు కానివారు; 0.903, 0.602, 0.125 కలిపితే 1.63. ఈ ఇల్లొక్కటే చాలదని రక్తం తీయకముందే తెలిసిపోయింది. అదే తాతకు పుట్టిన మరో శాఖలో బాధితులు ఎవరైనా ఉన్నారా అని వెతకాలి.

కుండమార్పిడి సంగతి ఇప్పుడు తేలుతుంది. నిజానికి 1/8 గుణకం ఉన్న బిడ్డను 1/16గా రాస్తే మొదటి బాధితుడికి 0.903 బదులు 1.204 వస్తుంది. లేని సాక్ష్యం 0.301 చేరిపోయింది. ఇలాంటి వలయాలు రెండు మూడు తరాలుగా పేరుకుపోయి, మనం ఒక్కదాన్నే గీస్తే 2 దగ్గర ఆగవలసిన స్కోరు 3 గీత దాటినట్లు కనిపించవచ్చు.

ముక్క పొడవును కూడా ముందే ఊహించవచ్చు. మేనరికంలో పూర్వీకుడి నుంచి బిడ్డ దాకా రెండు దారుల్లో కలిపి 6 క్షయకరణ విభజనలుంటాయి కనుక జబ్బు స్థానం చుట్టూ ముక్క సగటున 33 సెంటీమోర్గాన్ల (పునస్సంయోజనను బట్టి కొలిచే జన్యుదూరపు ప్రమాణం) దాకా ఉంటుంది. మేనమామ పెళ్లిలో 5 విభజనలే, సుమారు 40. ఒక సెంటీమోర్గాన్ అంటే దాదాపు 10 లక్షల బేసులు. అంత పెద్ద ముక్కలో వందల జన్యువులు ఉండవచ్చు. దూరపు శాఖలోని బాధితుడు ఒక్కడు దొరికితే రెండు ముక్కల ఉమ్మడి భాగం ఎంతో కుదించుకుపోతుంది.

ఆరవ మెట్టు: జన్యురూపాలు, శుద్ధి

ఒకప్పుడు కొన్ని వందల మైక్రోశాటిలైట్ మార్కర్లతో చేసిన పనిని ఇప్పుడు లక్షల స్థానాలున్న స్నిప్ చిప్పులతో (డీఎన్ఏలో ఒక్కో అక్షరపు తేడాలను చదివేవి) చేస్తున్నాము. ఫలితాలు రాగానే విశ్లేషణకు పరుగెత్తవద్దు. ప్లింక్ ప్రోగ్రాముతో లింగం సరిపోతుందో లేదో చూడండి. గొట్టాలు తారుమారైతే ఇక్కడే బయటపడుతుంది. తల్లిదండ్రుల దగ్గర లేని రూపం బిడ్డలో కనిపించే మార్కర్లను తీసివేయండి. కింగ్ లాంటి ప్రోగ్రాముతో ప్రతి జతకూ బంధుత్వ గుణకం లెక్కించి, వంశవృక్షం చెప్పినదానితో పోల్చండి. ఆ తరువాత బిడ్డల జీనోములో పొడవాటి సమయుగ్మజ ముక్కలు మొత్తం ఎంత శాతమో చూడండి. మేనమామ సంతానంలో సగటున 12.5 శాతం ఉండాలి. ఒక్కొక్క బిడ్డలో హెచ్చుతగ్గులు సహజమే. అయితే పిల్లలందరిలోనూ అది బాగా ఎక్కువగా ఉంటే, మనం గీయని వలయం ఏదో పై తరాల్లో ఉంది. పెద్దావిడ దగ్గరకు మళ్లీ వెళ్లవలసిన సమయం అదే.

లాడ్ లెక్కకు లక్షల మార్కర్లు అక్కరలేదు. పక్కపక్కన ఉండి ఒకదానితో ఒకటి ముడిపడిన మార్కర్లను అలాగే ఉంచితే, పై తరంవారి నమూనాలు లేని కుటుంబాల్లో స్కోరు అకారణంగా పెరుగుతుంది. కాబట్టి వాటిని పలచబరచి కొన్ని వేలకు తగ్గించాలి. రూపాల పౌనఃపున్యాలను యూరప్ జనాభా నుంచి అరువు తెచ్చుకోకండి. అక్కడ అరుదైనది మన సమూహంలో సాధారణమైనదైతే, దాని సమయుగ్మజత్వానికి లేని ప్రాముఖ్యం వచ్చిపడుతుంది.

ఏడవ మెట్టు: ప్రోగ్రాము నడపడం

1971 నాటి ఎల్‌స్టన్, స్టూవర్ట్ పద్ధతి పెద్ద కుటుంబాలను కొద్ది మార్కర్లతో లెక్కిస్తుంది. 1987 నాటి లాండర్, గ్రీన్ పద్ధతి చిన్న కుటుంబాలను వేల మార్కర్లతో లెక్కిస్తుంది. మెర్లిన్ ప్రోగ్రాము దీన్నే వాడుతుంది. కుటుంబం దానికి సరిపోతుందో లేదో చూడటానికి, వృక్షంలో తల్లిదండ్రులున్నవారి సంఖ్యను రెట్టింపు చేసి, తల్లిదండ్రులు లేనివారి సంఖ్యను తీసివేయండి. మన ఉదాహరణలో 6ను రెట్టింపు చేసి 3 తీస్తే 9. ఇది 20 దాటితే కంప్యూటరు బరువెక్కుతుంది, అప్పుడు శాఖలను తెలివిగా విడదీయాలి. విడదీసేటప్పుడు వలయాన్ని తెంపితే సమాచారమే పోతుంది.

జబ్బు నమూనాను ముందే కాగితం మీద రాసి తేదీ వేయండి: అంతర్గత లక్షణం, జబ్బు రూపపు పౌనఃపున్యం ఉదాహరణకు 0.001, రెండు ప్రతులున్నవారికే జబ్బు. స్కోరు రానప్పుడు ఈ అంకెలను మార్చి మార్చి నడిపితే ఎక్కడో ఒకచోట 3 దొరుకుతుంది. దానికి విలువ ఉండదు. వయసుతో బయటపడే జబ్బు అయితే బాధితులు కానివారినందరినీ "తెలియదు"గా మార్చి మరోసారి నడపడం న్యాయమైన తనిఖీ. వంశవృక్షంలో అనుమానపు వలయం ఉంటే, అది ఉన్నట్టూ లేనట్టూ రెండుసార్లు నడిపి, తక్కువ స్కోరునే ప్రధాన ఫలితంగా నివేదించాలి.

వేర్వేరు కుటుంబాల స్కోర్లను కూడేటప్పుడు ఒకే స్థానం దగ్గర, ఒకే థీటా విలువ దగ్గర ఉన్నవాటినే కూడాలి. చెవుడు విషయంలో ప్రతి కుటుంబానికీ వేర్వేరు జన్యువు కారణం కావచ్చు కనుక, కొన్ని కుటుంబాలే ఆ స్థానానికి సంబంధించినవని భావించి లెక్కించే భిన్నత్వపు లాడ్‌ను కూడా చూడాలి. వినికిడి లేనివారు తమలో తాము పెళ్లి చేసుకునే ఆనవాయితీ ఉన్నచోట ఒకే ఇంట్లో రెండు జన్యువులు ప్రవేశించడమూ సాధ్యమే.

మధుమేహం, రక్తపోటు లాంటి సంక్లిష్ట వ్యాధులకు పై నమూనా పనికిరాదు. అక్కడ బాధిత తోబుట్టువుల జతలు ఒక స్థానం దగ్గర పంచుకునే ప్రతులు 0, 1, 2గా ఉండే సంభావ్యతలు 1/4, 1/2, 1/4 నుంచి తప్పుతున్నాయా అని చూస్తారు. తల్లిదండ్రులూ బాధిత బిడ్డా ఉన్న ముగ్గురేసి కుటుంబాలుంటే, స్పీల్‌మన్ బృందం 1993లో ఇచ్చిన ప్రసార పరీక్ష ఉంది. విషమయుగ్మజ తల్లిదండ్రులు (రెండు ప్రతుల్లో వేర్వేరు రూపాలున్నవారు) ఒక రూపాన్ని 40 సార్లు అందించి 20 సార్లు అందించకపోతే, తేడా 20 వర్గాన్ని మొత్తం 60తో భాగించగా 6.67 వస్తుంది, 5 శాతం గీత 3.84. ఈ పద్ధతులకు వందల కుటుంబాలు కావాలి.

ఎనిమిదవ మెట్టు: ప్రాంతం నుంచి మార్పు దాకా

హంటింగ్టన్ వ్యాధి 4వ క్రోమోజోము మీద ఉందని 1983లో తేలినా, జన్యువు చేతికి రావడానికి 1993 దాకా పట్టింది. జన్యువుల్లో ప్రోటీనుకు సంకేతమిచ్చే భాగాలన్నిటినీ ఒకేసారి చదివే ఎక్సోమ్ సీక్వెన్సింగ్ ఆ కాలాన్ని ఎంతో తగ్గించింది. ఒక బాధితుడి ఎక్సోమ్ చదివి, మన స్కోరు చూపిన ప్రాంతంలో సమయుగ్మజంగా ఉన్న అరుదైన మార్పులను వడపోయాలి. అరుదైనదా కాదా అని చూడటానికి అంతర్జాతీయ దత్తాంశాలతో పాటు, 1029 మంది భారతీయుల జీనోముల నుంచి రూపొందిన ఇండిజెన్ దత్తాంశాన్ని తప్పక సంప్రదించాలి. దొరికిన మార్పును కుటుంబంలో ప్రతి ఒక్కరిలోనూ శాంగర్ పద్ధతిలో (ఎంచుకున్న చిన్న డీఎన్ఏ ముక్కను చదివే పద్ధతి) సరిచూడాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ ముక్క మీదున్న ప్రతి మార్పూ, హానిలేనిది కూడా, కుటుంబంలో జబ్బుతో కలిసే నడుస్తుంది. కాబట్టి "కుటుంబంలో జబ్బుతో కలిసి వస్తున్నది" అన్న సాక్ష్యం ప్రాంతాన్ని నిర్ధారిస్తుందే తప్ప ఆ ప్రాంతంలోని అభ్యర్థుల మధ్య తీర్పు చెప్పదు. ఆ తీర్పుకు ప్రోటీను మీద ప్రభావం, సంబంధంలేని మరో కుటుంబంలో అదే జన్యువులో మరో మార్పు, కణాల్లోనో జంతువుల్లోనో చేసిన ప్రయోగం కావాలి.

ఫలితాన్ని కుటుంబానికి చేరవేసే ముందు, పరిశోధనశాలలో దొరికిన మార్పును గుర్తింపు పొందిన రోగనిర్ధారణ ప్రయోగశాలలో కొత్త నమూనాతో మళ్లీ పరీక్షించాలి. ఆ తరువాత జన్యు సలహాదారుతో కలిసి, ఊరందరి ముందూ కాకుండా, ఒక్కో జంటతో విడిగా మాట్లాడాలి. వాహకులైన దంపతులకు ప్రతి కాన్పులోనూ 1/4 సంభావ్యత కొత్తగా మొదలవుతుందని, మొదటి బిడ్డకు జబ్బు వచ్చినంత మాత్రాన తరువాతి ముగ్గురూ సురక్షితం కారని స్పష్టంగా చెప్పాలి. తల్లి వైపునే లోపం ఉందన్న నింద ఇంట్లో ఉంటే, అంతర్గత జబ్బులో ఒక్కో ప్రతి ఒక్కొక్కరి నుంచి వచ్చిందని భర్తకూ అత్తమామలకూ ఆమె సమక్షంలోనే వివరించాలి. పెళ్లి సంబంధం చూస్తున్న తోబుట్టువులు తమంతట తాము అడిగితేనే వాహక పరీక్ష చేయించి, ఆ కాగితాన్ని వారి చేతికే ఇవ్వాలి.